రెండు కొసలా పూలకుండీలు

1956 జూన్ 11, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. సమయం ఇంత కచ్చితంగా ఎలా గుర్తుందంటే, స్టూడియో గోడ గడియారానికి ప్రతి సోమవారం కీ ఇవ్వడం నా పని. స్టూలెక్కి కీ ఇస్తూ ఉండగా పెదనాయన వీధి మలుపు నుంచి నడుచుకుంటూ వచ్చాడు. పొద్దున వెళ్ళేటప్పుడు సైకిలు మీద వెళ్ళాడు. ఇప్పుడు సైకిలు లేదు, చంకలో ఒక బిస్కెట్ల డబ్బా ఉంది.

“సైకిలేది పెదనాయనా?” అన్నాను.

“ఈ డబ్బాలో ఉండాది” అన్నాడు.

మూత తీస్తే, ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె ముక్కలో చుట్టి, బొటనవేలంత ఇత్తడి గొట్టం. రెండు వైపులా గాజు, కనుగుడ్డులాగా ఉబ్బి ఉంది. వైడ్ యాంగిల్ లెన్సు. మా మద్రాసులోనే, వేపేరిలో ఒక దొర ఉండేవాడట. చర్చీల లోపలి భాగాలు ఫొటో తీసేవాడు. దేశం వదిలి పోతూ సామాను వదిలించుకుంటున్నాడు. ఓడ ఎక్కేదాకా తిరగడానికి ఆయనకు సైకిలు కావాలి, మా పెదనాయనకు లెన్సు కావాలి. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ, అంటే మూడేళ్ళ ఒక నెల ఇరవై ఏడు రోజులు, పెదనాయన ఎక్కడికైనా నడిచే వెళ్ళాడు.

ఆయన మాకు రక్తసంబంధం కాదు. చింతాద్రిపేటలో మేమున్న ఇంటి ముందుగది ఆయన స్టూడియో, వెనక మూడు గదులు మావి, పెరడు అందరిదీ. మా నాయన కంటే ఎనిమిదేళ్ళు పెద్ద కాబట్టి నాయన అన్నా అనేవాడు, అమ్మ బావా అనేది, నాకు పెదనాయన అయ్యాడు. పెళ్ళి చేసుకోలేదు. రెండు పూటలా మా ఇంటి నుంచే అన్నం వెళ్ళేది. నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. ఎస్.ఎస్.ఎల్.సి. ముగించి, నెగెటివుల మీద సన్నటి పెన్సిల్‌తో మచ్చలూ ముడతలూ పూడ్చే పని ఆయన దగ్గరే నేర్చుకుని, అక్కడే చేసేదాన్ని. ఆయన పేరు ఇక్కడ రాయను. తన స్టూడియోకే ఆయన పేరు పెట్టుకోలేదు. బోర్డు మీద ‘ఇచ్చట ఫొటో తీయబడును’ అని మాత్రం ఉండేది.

కెమెరా వెనక నల్లగుడ్డలో దూరేముందు చెప్పులు విడిచేవాడు. “ఏమన్నా, గుళ్ళోకి పోతా ఉండావా?” అని ఎవరైనా ఎగతాళి చేస్తే, “నేల చల్లగా తగిలితే కాలు కదలదు” అనేవాడు. నవ్వమని ఎవరినీ అడిగేవాడు కాదు. “గాలి పీల్చుకో... ఇడువు” అనేవాడు. ఊపిరి విడిచాక మనిషి మొహం కొంచెంసేపు ఎవరి కోసమూ కాకుండా ఉంటుంది. అప్పుడు లెన్సు మూత తీసేవాడు. తీసి లెక్కపెట్టేవాడు. ఆయన తాత కొత్తవాల్ చావడి బజారులో ధాన్యం కొలిచేవాడట. ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కొలతను ఒకటి అనరు, లాభం అంటారు. ఈయన సెకన్లను కూడా అలాగే కొలిచేవాడు. “లాభం... రెండు... మూడు...” మూత పెట్టేవాడు. నేను గడియారంతో సరిచూశాను. ఆయన మూడు, గడియారంలో రెండున్నర. ఆ సంగతి చెబితే, “గడియారం నీరసంగా ఉండాది. బాగా కీ ఇయ్యి” అన్నాడు.

డెవలపర్ మందుకు ఆయన వేళ్ళ కొసలు వక్కాకు నమిలిన నోటి రంగులో ఉండేవి. అన్నం చెంచాతో తినేవాడు. “దొరగారికి ఇంకొంచెం రసం” అని మా అమ్మ వేళాకోళం చేసేది.

ఆయనకు ఒక పట్టుదల ఉండేది. “గుణం ఒకటి చెప్తే దోషం ఒకటి చెప్పాల. లేకుంటే అది బేరం” అనేవాడు. ఈ సూత్రం ఆయన లెన్సులకే కాదు, లోకం మొత్తానికి వాడేవాడు. మిద్దె మీద కాపురం ఉండే అత్త ఒకసారి తన కూతురికి చూసిన సంబంధం గురించి అడగడానికి వచ్చింది. ఆ పెళ్ళికొడుకు మా స్టూడియోలోనే ఫొటో తీయించుకుని పోయాడు.

“పిల్లోడు ఎట్లుండాడన్నా?”

“గుణం, చూపు నిలకడ. దోషం, పొయ్యేటప్పుడు కుర్చీ ఉన్నచోట పెట్టలా.”

“అయ్యో రామ! కుర్చీకీ పిల్లకీ ఏం సంబంధం?”

“అది నువ్వు చూసుకోవాల. నేను కనిపించింది చెప్పినా.”

అత్త ఆ సంబంధమే చేసింది. తర్వాతి సంగతి నాకు సరిగా తెలియదు కాబట్టి రాయను.

కొత్త లెన్సును ఒక మండలం, అంటే నలభై ఒక్క రోజులు, పరీక్షించందే గిరాకీ మొహం మీదికి తిప్పకూడదని ఆయన నియమం. డబ్బా విప్పిన గంటలోనే నన్ను కొత్త నోట్‌బుక్కు తెమ్మన్నాడు. ప్రతి పేజీకీ నడుమ నిలువు గీత. ఎడమ పక్క గుణాలు, కుడి పక్క దోషాలు. “నేను చెప్పేది కాదు, నీకు కనిపించేది రాయాల అమ్మణ్ణీ. కనిపించకుంటే రాయగూడదు” అన్నాడు. ఆ నోట్‌బుక్కు నా దగ్గరే ఉంది. దాన్ని చూసే ఇది రాస్తున్నాను.

మొదటి పేజీ, ఎడమ పక్క: మా నడిమిల్లు లోతు పదకొండు అడుగులు. పాత లెన్సుతో గోడకు ఆనుకుని తీసినా వరుసకు అయిదుగురే పట్టేవారు. దీనితో ఎనిమిదిమంది. చింతాద్రిపేట ఇళ్ళన్నీ అలాంటివే, పెట్టెల్లాగా. పెళ్ళి గుంపును తీయాలంటే అంతకుముందు పెదనాయన కెమెరాను వీధిలో పెట్టి వాకిలి గుండా తీసేవాడు. లెక్క పూర్తయ్యేలోపల ఎద్దో, సైకిలో, వాళ్ళకు పడని బంధువో అడ్డం వచ్చేది. ఆ బాధ తీరింది. ఇంకో గుణం: ముందు నేల మీది చెంబూ, వెనక గోడ మీది కాలెండరూ రెండూ స్పష్టంగా పడ్డాయి. కాలెండరులో తేదీ చదవగలిగాను.

కుడి పక్క: వెలుతురు తక్కువ లాగుతుంది. పాతదానికి మూడు లెక్కపెట్టే చోట దీనికి పన్నెండు. మూలలు మసక. లెన్సు కన్నం చిన్నది చేస్తే కొంత నయం, పూర్తిగా పోదు. దగ్గరున్నది మరీ పెద్దది. మా నాయన ముందు వరుసలో కుర్చీలో కూర్చుంటే, మోకాళ్ళు తలకాయ కంటే పెద్దగా పడ్డాయి.

“ఏందన్నా ఇది! లెన్సా, నా మీద పగా?” అన్నాడు నాయన ప్రింటు చూసి.

“నీ మోకాళ్ళలో అంత బలం ఉండాదని నాకూ తెలవదు తమ్ముడా.”

ఇద్దరూ నవ్వి నవ్వి దగ్గారు. ఆ నవ్వు గురించి నోట్‌బుక్కులో లేదు.

అన్నిటికంటే పెద్ద దోషం కొసలది. మధ్యలో అయిదు పాళ్ళ వెడల్పున్న మొహం కొసకు పోయేసరికి ఆరు పాళ్ళవుతుంది. భూతద్దం పెట్టి, స్కేలు పెట్టి పదకొండుసార్లు కొలిచాను. ప్రతిసారీ అంతే. ఎత్తు మారదు, వెడల్పే సాగుతుంది. మెత్తటి పిండిముద్దను అంచు పట్టుకుని పక్కకు లాగినట్టు.

పరీక్షకు మనుషులు కావాలి. మా ఇంటివాళ్ళమూ మిద్దె మీదివాళ్ళూ సాయంత్రం నాలుగింటి వెలుతురులో నడిమింట్లో మూడు వరుసలుగా సర్దుకునేవాళ్ళం. మగవాళ్ళూ నానమ్మా కుర్చీల్లో. ఆడవాళ్ళు వెనక నిలబడి. పిల్లలు కింద. అందరూ సర్దుకున్నాక పెదనాయన వంటింటి వైపు కేకేసేవాడు.

“రామ్మా!”

“నేనెందుకు బావా, అప్పడాలు మాడతాయి.”

“పన్నెండు లెక్కపెట్టేలోపల లోకంలో ఏ అప్పడమూ మాడదు. రా.”

అమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చేది. అందరికంటే చివర వచ్చే మనిషికి మిగిలే చోటు ఒకటే, కొస. వంటిల్లు కుడి పక్క కాబట్టి ఎక్కువసార్లు కుడి కొస. ఫొటో అవగానే మళ్ళీ అటే పోవాలి కదా.

ఆ మండలంలో మొత్తం ఇరవై ఆరు గాజు ప్లేట్లు వాడాం. కొలత అయ్యాక ప్రింట్లు నీళ్ళపొయ్యిలోకి పోయేవి, ప్లేట్లే దాచాం. నాలుగు గోడవీ కుండలవీ. మనుషులున్నవి ఇరవై రెండు. వాటిలో అమ్మ ఉన్నవి పందొమ్మిది. కుడి కొసన పన్నెండు, ఎడమ కొసన ఏడు, నడుమ సున్న. మిగిలిన మూడింటిలో ఎందుకు లేదంటే, ఒక రోజు పాలు పొంగుతున్నాయని రాలేదు, రెండు రోజులు జ్వరం. పదిహేడో ప్లేటులో పెదనాయన కూడా ఉన్నాడు. “నేను ఎట్ల సాగుతానో చూడొద్దా?” అని అమ్మకు ఎదురు కొసన నిలబడి, మూత నన్ను తీయమన్నాడు. నేను లాభం నుంచి పన్నెండు దాకా లెక్కపెట్టాను. తొమ్మిది దగ్గర ఆయనే కదిలాడు. “థూ, ముప్పై ఏండ్లు ఊళ్ళోవాళ్ళను తిట్టింది దీనికా” అని తనను తానే తిట్టుకున్నాడు.

జూలై 21, శనివారం, మండలం పూర్తయింది. గుణాలు తొమ్మిది, దోషాలు పద్నాలుగు. చదివి వినిపించాను.

“పద్నాలుగులో పదమూడు మనం సర్దుకోవచ్చు” అన్నాడు. “ఆ కొస మొహం ఒకటే మొండిది. సన్నంగా ఉండేవాళ్ళను కొసల్లో పెడితే సరి. సాగినా ఎవురికీ తెలవదు.”

అప్పటికి ఆయన తీర్పు అది. ఆయన కూడా తప్పు చేశాడని రాయకపోతే ఇది బేరమవుతుంది.

ఆయుధపూజకు స్టూడియోలో ప్రతి సామానూ బయటికి తీసి, తుడిచి, కుంకుమ పెట్టడం ఆనవాయితీ. దానికి ముందు పనికిరాని ప్లేట్లు కడిగేవాళ్ళం. మరిగే సోడా నీళ్ళలో వేస్తే బొమ్మ ఉన్న పొర ఊడి వచ్చి గాజు మిగిలేది. పటాలు కట్టేవాళ్ళు ఆ గాజు తీసుకునేవారు. మా పేటలో దేవుళ్ళ పటాల మీది గాజు చాలావరకు ఒకప్పుడు ఎవరి పెళ్ళిదో.

ఆ ఏడు పెదనాయన మండలం ప్లేట్ల కట్ట చూపించి అడిగాడు. “వీటిలో పెట్టుకోవాల్సినవి ఏమన్నా ఉండాయా అమ్మణ్ణీ?”

నేను నోట్‌బుక్కు తిరగేశాను. “అన్నీ దోషం కిందవే పెదనాయనా. కొస మొహాలు చెడినాయి.”

“అట్లయితే కడిగెయ్యి” అన్నాడు. నా నోట్‌బుక్కు మీద ఆయనకు అంత నమ్మకం.

పెరట్లో కూర్చుని కడిగాను. వేడి నీళ్ళలో పొర మీగడలాగా ముడుచుకుని లేచేది. నెగెటివులో తెల్ల చీర నల్లగా, నల్ల జుట్టు తెల్లగా ఉంటాయి. జుట్టు నెరిసిన మా అమ్మను నేను చూసింది ఆ ప్లేట్లలోనే. బొటనవేలితో పక్కకు తోసి కాలువలోకి వదిలాను. అమ్మ ఆ పక్కనే రోట్లో పచ్చడి నూరుతోంది. “చెయ్యి కాల్తాది, జాగర్త” అంది. ఇరవై అయిదు ప్లేట్లు కడిగాను. ఒకటి, ఇరవై రెండోది, మూల విరిగి ఉంది. విరిగిన గాజు పటాలవాళ్ళు తీసుకోరు. పెదనాయన దాన్ని మందు జాడీ మీద మూతగా పెట్టుకున్నాడు.

1957 ఫిబ్రవరి 20, బుధవారం, మధ్యాహ్నం రెండు గంటల నలభై నిమిషాలకు అమ్మ పోయింది. తొమ్మిది రోజుల జ్వరం. ముప్పై ఎనిమిదేళ్ళు. ముందుగదిలో ఫొటో స్టూడియో ఉన్న ఇంట్లో ఇరవై ఏళ్ళకు పైగా కాపురం చేసి, ఒక్కతే కుర్చీలో కూర్చుని ఒక్క ఫొటో తీయించుకోలేదు. ఎప్పుడైనా తీయించుకోవచ్చు కదా అని.

మూడో రోజు నాయన స్టూడియో గుమ్మంలో నిలబడ్డాడు. నేను లోపల ఉన్నాను.

“అన్నా, పదారో దినానికి పటం కావాల. ఆ మండలంలో తీసినవి ఉండాయి గదా. ఒకటి పెద్దది చేసియ్యి.”

నేను నోరు తెరిచాను. పెదనాయన నా వైపు చూడకుండానే ముందు మాట్లాడాడు.

“అవి నేను కడిగిచ్చేస్తి తమ్ముడా.”

నాయన ప్లేట్ల బీరువా వైపు చెయ్యి చూపించాడు.

“ఊరోళ్ళ మొహాలన్నీ బీరువాలో దాచిపెట్టుకుంటివే. నా ఇంటి కూడు తిని, నా పెండ్లాం మొహాన్ని పటాల గాజుకు ఇచ్చేస్తివా?”

“ఒకటి మిగిలుండాది. దాన్ని సరిచేసి ఇస్తా.”

నాయన వెళ్ళిపోయాడు. నేను తెరిచిన నోరు మూసుకున్నాను.

ఆ ఇరవై రెండో ప్లేటులో అమ్మ కుడి కొసన ఉంది. తల కొంచెం వంటింటి వైపు తిరిగి ఉంది. మొహం ఆరు పాళ్ళకు సాగి ఉంది. “ముల్లును ముల్లుతోనే తియ్యాల” అన్నాడు పెదనాయన. ఫొటో తీసిన ఆ లెన్సుతోనే బొమ్మను వెనక్కి పంపి, పడే కాగితాన్ని ఏటవాలుగా తిప్పితే సాగిన మొహం మళ్ళీ దగ్గరికి వస్తుందని ఆయన లెక్క. డార్క్‌రూములో కెమెరా వెనక దీపం పెట్టి, ఎదురుగా ఉన్న బీరువా తలుపుకు తెల్ల కాగితం గుచ్చాడు. తలుపును కొంచెం కొంచెంగా తెరుస్తూ పోతే కాగితం తిరుగుతుంది. తలుపు అంచు ఎక్కడికి వచ్చిందో తెలియడానికి నేల మీద సుద్దతో పదకొండు గీతలు గీశాడు.

మైల రోజులు. వీధిలోకి వెళ్ళకూడదు కానీ పెరటి దారిన స్టూడియోలోకి వెళ్ళవచ్చునని నానమ్మ ఒప్పుకుంది. రోజూ పదింటికి వెళ్ళేదాన్ని. ఆ చీకటిగదిలో బీరువా తలుపు మీద మా అమ్మ మొహం అరచేతి అంత వెలిగేది. పెదనాయన చెప్పులు విడిచి నిలబడి తలుపు తెరిచేవాడు.

“అమ్మేనా?”

“కాదు పెదనాయనా.”

ఇంకో గీత.

“ఇప్పుడు?”

“దవడ ఇంకా ఎక్కువుండాది. ఒక పాలులో మూడో వంతు.”

ఇంకో గీత. లెక్క ప్రకారం ఏడో గీత దగ్గర మొహం సరిపోవాలి. కవరాయం, అంటే కంపాసు ముళ్ళతో కొలిచాను. అయిదు పాళ్ళు, సరిగ్గా సరిపోయింది. అయినా అది అమ్మ కాదు. పిన్నమ్మలాగా ఉంది. ఫొటోలో తల పక్కకు తిరిగి ఉండటంతో ఒక చెంప ఎక్కువ సాగి, ఇంకోటి తక్కువ సాగింది. ఒకటి సరిచేస్తే ఒకటి చెడుతోంది. ఆరో గీతకూ ఏడో గీతకూ మధ్య ఇంకో నాలుగు గీతలు గీశాం. పది రోజులు. నాలుగో రోజు నుంచీ నాకు ఇంకో భయం పట్టుకుంది. కళ్ళు మూసుకుంటే అమ్మ అసలు మొహం రావడం లేదు. తలుపు మీది మొహాలే వస్తున్నాయి, ఒక్కో గీతకు ఒక్కటి.

ఒకరోజు ఆయన దీపం ఆర్పకుండా అడిగాడు. “ఈ ఫొటోలు చూసి మీ అమ్మ ఎప్పుడన్నా ఏమన్నా అనిందా?”

“నోట్‌బుక్కులో లేదు పెదనాయనా.”

ఆయన తల ఊపాడు.

పద్నాలుగో రోజు, మార్చి 5, పదకొండున్నర. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తలుపును ఇంకో గీతకు జరిపాడు. మధ్య గీతల్లో రెండోది.

“అమ్మేనా?”

నేను ఆ కళ్ళలోకి చూడలేకపోయాను. “ఆ. అమ్మే” అన్నాను.

ఆయన నా వైపు తిరిగాడు.

“ఎంత పాలు?”

నేను కవరాయం చేతిలోకి తీసుకోలేదు.

“నువ్వు అంకె చెప్పకుండా మాట చెప్పినావంటే అది అబద్ధం అమ్మణ్ణీ” అన్నాడు. గొంతులో కోపం లేదు. “అబద్ధం మొహానికి దండ ఎయ్యొద్దు.” బీరువా తలుపు మూశాడు. మొహం చెక్క మీద పడి చెదిరిపోయింది. దీపం ఆర్పాడు.

మార్చి 7, గురువారం, పదహారో రోజు. పటం ఉండాల్సిన చోట ఒక దీపం వెలిగించారు. దండ దీపపు కుందెకు వేశారు. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ అడిగారు, పటమేదని. నాయన దీపంలో నూనె పోస్తూ ఉన్నాడు. ఆ రోజు నుంచి పెదనాయనతో మాట్లాడటం మానేశాడు. అన్నం మాత్రం ఆగలేదు. నానమ్మ ఆగనివ్వలేదు. నేనే తీసుకెళ్ళేదాన్ని.

కడిగింది నేనేనని నాయనకు చెప్పబోయాను. రెండుసార్లు. రెండుసార్లూ పెదనాయనకే ముందు చెప్పాను, ఆయన ఆపాడు.

“నాతో మాట్లాడకుంటే మీ నాయన ఓర్చుకుంటాడు. నీతో మాట్లాడకుంటే నువ్వు యాడికి పోతావు?”

“అది నిజం కాదు గదా పెదనాయనా.”

“కడగమనింది నేనా కాదా? సగం నిజం. మిగతా సగం నాకు అచ్చొస్తాది, వదిలెయ్యి.”

నేను వదిలేశాను. ఇరవై ఏళ్ళ పిల్లకు అది సులువైన పని.

ఆ లెన్సును ఆయన పారేయలేదు. కానీ దానితో తీసే పద్ధతి మార్చాడు. ఏ ఇంటికి గ్రూపు ఫొటోకు పోయినా ముందు వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. “లోపల ఎవురుండారు? అందరూ వస్తేనే మూత తీసేది” అనేవాడు. కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చిన మనిషిని తీసుకెళ్ళి నడుమ కుర్చీలో కూర్చోబెట్టేవాడు. ఇంటి పెద్దలకు ఒళ్ళు మండేది. “వంటమనిషయ్యా అది! నడుమ కూచోబెడతావే?” అని ఒకాయన అరిచాడు. “గుణం, మీరు నిజం చెప్తారు. దోషం, గట్టిగా చెప్తారు. జరగండి కొంచెం” అన్నాడు పెదనాయన. గిరాకీలు కొన్ని తగ్గాయి. ముసలాయనకు పిచ్చి అన్నారు.

రెండు కొసల్లోనూ మనుషులను నిలబెట్టడం మానేశాడు. వరుసకు ఎనిమిదిమంది పట్టే లెన్సులో ఆరుగురినే పెట్టి, రెండు కొసలా రెండు పూలకుండీలు పెట్టేవాడు. స్టూడియో కుండీలే, చేత్తో మోసుకుపోయేవాడు. సైకిలు లేదు కదా. ఒక్కో చేతికి ఒక్కో కుండీ, భుజాన కెమెరా, మూడుకాళ్ళ స్టాండు నా చేతిలో. 1957 ఏప్రిల్ నుంచి రెండేళ్ళలో చింతాద్రిపేటలో తీసిన గ్రూపు ఫొటోలు ఎవరింట్లోనైనా ఉంటే చూడండి. రెండు కొసలా క్రోటన్ మొక్కలుంటాయి. కుండీలు పక్కకు సాగి, లావుగా, బుంగల్లాగా ఉంటాయి. మనుషులు ఎవరి మొహాలతో వాళ్ళుంటారు.

1959 ఆగస్టు 7, శుక్రవారం, తెల్లవారి ఆరింటికి కాఫీ తీసుకెళితే ఆయన లేవలేదు. నాయనను పిలిచాను. నాయన వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. పాడెకు ముందు వైపు భుజం ఇచ్చింది నాయనే. పదహారో రోజు పటం కోసం వెతికితే ఆయన ఫొటో ఒక్కటీ లేదు. తీసిన ఒక్కటీ పదిహేడో ప్లేటు, తొమ్మిది దగ్గర కదిలినది. అది ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. కుందెకు దండ వేశాం.

ఇన్నేళ్ళ తర్వాత ఇది రాయడానికి కారణం పోయిన నెల మా ఇంట్లో జరిగింది. మనవరాలు సెల్‌ఫోనులో అందరినీ కలిపి ఫొటో తీస్తోంది. నాకు ఎనభై ఎనిమిదేళ్ళు. ఆలస్యంగా లేచి వచ్చి సోఫా చివర కూర్చున్నాను.

“అమ్మమ్మా, ఆడ కొసన వద్దు! వైడ్‌లో పెట్టినా, లావుగా పడతావ్. నడువులో వచ్చి కూచో, రా రా.”

ఆ మాటతో ఆ సాయంత్రం తిరిగి వచ్చింది. తొమ్మిదో ప్లేటు ప్రింటు. తడి ఆరడానికి పెరట్లో తీగకు వేలాడేశాం. మిద్దె మీది అత్త చూసి అమ్మను ఏడిపించింది.

“ఏమే, మీ బావ లెన్సులో జమీందారిణి మాదిరి బలిసినావే!”

అమ్మ దగ్గరికి వచ్చి, తల పక్కకు వంచి, తన మొహం తాను చూసుకుంది. అమ్మ బక్కమనిషి. ఎప్పుడూ చెంపలు లోపలికే ఉండేవి.

“పోనీ అక్కా. ఈడనన్నా బలవనీ. మూడు పూట్లా తిన్నదాని మాదిరి ఉండా గదా. నాకు నా మొహం బాగుండేది ఇదే మొదలు.”

నేను పక్కనే ఉన్నాను. నోట్‌బుక్కు తెరిచే ఉంది. ఆ మాట గుణమూ కాదు, దోషమూ కాదు. ఏ పక్క రాయాలో తెలియక రాయలేదు. రాసి ఉంటే, డార్క్‌రూములో ఆయన అడిగినప్పుడు చెప్పేదాన్ని. తలుపు తెరవాల్సిన పని ఉండేది కాదు. సాగిన మొహాన్ని సాగినట్టే పటం కట్టి, దానికే దండ వేసేవాళ్ళం. అది అబద్ధం కాదు, ఆమె ఎంచుకున్న మొహం.

పోయినవి ఇవి. గాజు ప్లేట్లు, ఇరవై అయిదు. వాటిలో అమ్మ ఉన్నవి పద్దెనిమిది. పెదనాయన ఉన్నది ఒకటి. అన్నదమ్ముల్లాంటి ఇద్దరి మధ్య మాట, రెండేళ్ళ అయిదు నెలలు. నాయన 1971లో పోయేదాకా నేను ఆయనకు చెప్పని మాట, ఒకటి. అమ్మ అన్నది, నేను రాసుకోనిది, ఒకటి. పెదనాయన ఉంటే మొదటిదాన్ని లాభం అని లెక్కపెట్టేవాడు. నేను ఒకటి అనే మొదలుపెట్టాను. రెండుసార్లు కూడి చూశాను. తేడా రాలేదు.